చౌరస్తాలో నా తలకాయ

ఫ్లెక్సీలు అచ్చు వేయడం నా పని. బెల్లంపల్లి దాటి కాగజ్‌నగర్ వైపు వెళ్లే దారిలో, ప్యాసింజరు రైలు మాత్రమే ఆగే చిన్న టౌను మాది. చౌరస్తా పక్కనే నా దుకాణం. ముందు గదిలో కంప్యూటరు, వెనక గదిలో మిషను, రెంటి మధ్య అరుస్తూ తిరిగే నేను. పుట్టినరోజులు, దశదిన కర్మలు, ఆడపిల్లల చీరల ఫంక్షన్లు, బడి అడ్మిషన్లు, నాయకుల శుభాకాంక్షలు. మా టౌనులో ఎవరికి ఏ సంతోషం కలిగినా, ఎవరు కన్నుమూసినా వాళ్ల చుట్టాల తర్వాత నాకే తెలుస్తుంది.

నా దగ్గర ఇద్దరు పనిచేస్తారు. డిజైన్లు చేసే ఆమె ఇద్దరు పిల్లల తల్లి. నేను చెల్లె అంటాను, ఆమె నన్ను అన్న అంటుంది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, చెప్పని పని అస్సలు చేయదు. మిషను నడిపే ఆయన నాకన్నా పెద్దవాడు. కాగజ్‌నగర్‌లో మిల్లు మూతబడ్డప్పుడు వచ్చి నా దగ్గర చేరాడు. మిల్లు మళ్లీ తెరిచాక కూడా వెళ్లలేదు. ఆయన్ని కాకా అంటాను. ఆయన నన్ను సేటు అంటాడు.

ఈ కథ జరిగిన ఏడాది కరీంనగర్‌లో కొత్త మిషను కొన్నాను. కొన్నవాళ్లందరికీ అమ్మినవాళ్లే ఒక ఫంక్షన్ హాలు మేడ మీద ఒక పూట శిక్షణ పెట్టారు. చిన్న వ్యాపారులకు నాయకత్వం, వ్యక్తిత్వ వికాసం. మధ్యాహ్నం బిర్యానీ. నేను బిర్యానీ కోసమే వెళ్లానని చెబితే అబద్ధమవుతుంది, కాదని చెప్పినా అబద్ధమే.

శిక్షకుడు ఆ ఎండలో కోటు వేసుకుని వచ్చాడు. "మీరు యజమానులుగానే ఉండిపోతారా, నాయకులు అవుతారా?" అని మైకులో అడిగాడు. అందరినీ లేపి, గుండెల మీద చెయ్యి వేయించి, "నేను నాయకుణ్ణి" అని అరవమన్నాడు. నా పక్కన పెద్దపల్లి నుంచి వచ్చిన ఫోటో స్టూడియో ఆయన ఎంత గట్టిగా అరిచాడంటే, అన్నం అయిపోయి గొడవ జరుగుతోందనుకుని వడ్డించేవాళ్లు కింది నుంచి పరుగెత్తుకొచ్చారు. తర్వాత కళ్లు మూసుకుని, భవిష్యత్తులో ఎలా ఉంటామో చూసుకోమన్నాడు. స్టూడియో ఆయన నిద్రపోయాడు. నాకైతే ఏమీ కనబడలేదు కానీ, చివర్లో శిక్షకుడు అన్న మాట మాత్రం మనసులో నాటుకుంది. "మీ మొహమే మీ దుకాణం. దాన్ని జనంలోకి తీసుకుపోండి."

కొత్త మిషను బిగించిన రోజు నేనింకా ఆ మత్తులోనే ఉన్నాను. ఇద్దరినీ పిలిచి నిలబెట్టాను.

"ఇయ్యాల్టి సంది నేను మీకు సేటును కాదు. నాయకుణ్ణి."

చెల్లె కాకా మొహం చూసింది. కాకా మిషను వైపు చూశాడు.

"సరే సేటు," అన్నాడు.

"కొత్త మిషన్ మీద ముందుగాల నా మొహంతోటి ఒకటి కొట్టున్రి. దుకాణం ముంగట పెడదాం. నాయకుడు లెక్క ఉండాలె," అని చెల్లెకు చెప్పి, చుట్టాల పెళ్లికి పెద్దపల్లి రైలెక్కాను.

మర్నాడు తిరిగొచ్చి స్టేషను బయట అడుగుపెట్టగానే ఆటో నడిపే అతను లేచి నిలబడి దండం పెట్టాడు. రోజూ నన్ను చూసి ముఖం తిప్పుకునేవాడు. చాయ్ హోటలాయన గల్లాపెట్టె వదిలి గడప దాకా వచ్చి "అన్నా, మనోళ్లం యాది పెట్టుకో" అన్నాడు. పెళ్లిలో వేసుకున్న చొక్కా వల్ల అనుకున్నాను. చౌరస్తా మలుపు తిరిగాక అసలు సంగతి తెలిసింది.

బస్సులకు నీడపడేంత ఎత్తున నేను నిలబడి ఉన్నాను. మొహం నాదే. మెడ నుంచి కింద ఎవరో. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జోడించిన చేతులు, వేలికొక ఉంగరం. ఆ మెడ నా మెడకన్నా సన్నం కావడంతో, సీసా మూతి మీద కొబ్బరికాయ పెట్టినట్టుంది నా తల. భుజం మీద ఊదారంగు కండువా. వెనక సూర్యుడు ఉదయిస్తున్నాడు. చుట్టూ, కాళ్ల దాకా, గుండ్రటి వలయాల్లో బోలెడు తలకాయలు. పైన పెద్దక్షరాలతో: "మీ కష్టం నా కష్టం. పట్టణ ప్రజలందరికీ హృదయపూర్వక శుభాకాంక్షలు."

కోపంతో ఊగిపోతూ దుకాణంలోకి వెళ్లాను.

"ఏంది చెల్లె గిది?"

"నాయకుడు లెక్క ఉండాలె అన్నరు గదన్నా."

"దుకాణం పేరేది?"

"నాయకుల ఫ్లెక్సీ మీద దుకాణం పేరు ఎవలు పెడతరన్నా?"

"శుభాకాంక్షలు దేనికి?"

ఆమె ఆలోచించింది. "ఈ వారం పండుగ ఏం లేకుండె. శుభాకాంక్షలు లేకుంటే మస్తు ఖాళీ కొట్టింది."

"గా చుట్టున్న తలకాయలు ఎవలయి?"

"నాయకుడన్నంక ఎనుక మంది ఉండాలె గద. మన కంప్యూటర్ల ఉన్న ఫోటోలన్నీ ఏసిన."

చౌరస్తాలో ఎవరు కట్టారని కాకాను అడిగాను. ఫ్లెక్సీలు కట్టేవాళ్లు బడి అడ్మిషన్ల ఫ్లెక్సీ కోసం వచ్చి, ఆరబెట్టిన ఇది కూడా దాంతోపాటే తీసుకెళ్లారట. "వద్దనలేదా కాకా?" అంటే, "నాయకుణ్ణి చౌరస్తల కాక ఇంకేడ కడతరు సేటు?" అన్నాడు.

నిచ్చెన తెమ్మన్నాను. నిచ్చెన వచ్చేలోపు జనం వచ్చారు.

తమ ఫోటోలు అడగకుండా వాడినందుకు కొడతారని భయపడ్డాను. అలాంటి ఒక్క మనిషీ రాలేదు. ఫోటో లేనివాళ్లు వచ్చారు. ఎదురుగా కిరాణం నడిపేవాడు గడపలోనే నిలబడి గట్టిగా అడిగాడు. "మా తమ్మునిది పెట్టినవ్. నాది పెట్టలే. నేనేం పాపం చేసిన? పొద్దున లేస్తే నీ మొహమే చూస్త గదనే!" ఇది మొదటిది, రెండోదానిలో పెడతానన్నాను. అంతే, రెండోది ఉందన్న వార్త పాకిపోయింది.

ఇంతలో ఒక నడివయసు రైతు, తలగుడ్డ చేతిలో పట్టుకుని మెల్లగా వచ్చి నా ముందు నిలబడ్డాడు. అతన్ని చూడగానే గుర్తుపట్టాను. అతని తండ్రి పోయి కొన్ని నెలలయింది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ నేనే వేశాను. ఆ ఫోటో కంప్యూటరులో ఉంది. అంటే చౌరస్తాలోనూ ఉంది. నా మోచేతి కింద, పూలదండ తీసేసి, నవ్వుతూ.

"తప్పయింది," అనబోయాను.

"బాపు మీ దిక్కున్నడని మాకు చెప్పనే లేదన్నా," అన్నాడు అతను. "ఇంట్ల ఎవ్వరికి ఏం చెప్పకుండా పోయిండు. గిట్లాంటి మంచి పనులల్ల తిరిగిండని ఇప్పుడు తెలిసింది. మా అవ్వ పొద్దుగాల పాలకు పోయేటప్పుడు చూసి, అక్కడ్నే నిలబడి ఏడ్సింది. జర కొన్ని రోజులు తియ్యకే."

అప్పుడే కాకా నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. నేను చేత్తోనే వద్దని సైగ చేశాను. చచ్చిపోయిన మనిషిని నా మద్దతుదారుల నుంచి తీసేసే ధైర్యం నాకు లేదు.

సాయంత్రం మా టౌనులోని అసలు నాయకుడు వచ్చాడు. నా దుకాణానికి అందరికన్నా పెద్ద గిరాకీ ఆయనే. ఏ పండుగ వచ్చినా, ఎవరి పుట్టినరోజయినా ఆయన ఫ్లెక్సీ పడాల్సిందే. అందుకే నా కంప్యూటరులో ఆయన ఫోటోలు అన్నిటికన్నా ఎక్కువ ఉంటాయి. అందుకే చెల్లె నా నడుము దగ్గర ఒకటి, మోకాలి దగ్గర ఒకటి, రెండుసార్లు ఆయన్ని వేసింది. నిమ్మకాయంత సైజులో.

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చాయ్ తెప్పిస్తే ముట్టలేదు.

"ఊదారంగు ఏ పార్టీ?" అన్నాడు.

"ఏ పార్టీ కాదు సార్. కండువకు మా చెల్లె ఏదో ఒక రంగేసింది."

"నాకు చెప్పొద్దంటే చెప్పకు," అన్నాడు. "పైనుంచి వచ్చిందా? హైదరాబాదా, ఢిల్లీయా?"

"కరీంనగర్," అన్నాను. మిషను సంగతి అడుగుతున్నాడనుకున్నాను.

ఆయన తల ఊపాడు. కరీంనగర్‌లో తనకు తెలియకుండా ఏదో జరుగుతోందని అర్థమైన మనిషిలా లేచి వెళ్లిపోయాడు. నేను ఎన్నికల్లో నిలబడనని, నాకు రాజకీయాలు తెలియవని వెంటపడి చెప్పాను. వెనక్కి తిరిగి, "అందరం మొదట్ల గట్లనే అంటం," అన్నాడు.

ఆ మర్నాడు ఒక ముసలామె వచ్చింది. ఆమె నాటుకోళ్లు పెంచుతుంది. కోళ్లగూడు పైన వీధి దీపం మార్చారట. కొత్త దీపం వెలుగుకు పొద్దు గుంకినా తెల్లారినా ఒక్కటే అయి, పుంజులకు లెక్క తప్పిందట.

"ఎప్పుడంటే అప్పుడే కూస్తున్నయి కొడుకా. వాడకట్టోళ్లు నన్ను తిడుతున్రు. కోళ్లు నిద్దర లేక గుడ్లు పెడ్తలేవు. నీ కష్టం నా కష్టం అని రాసినవట గద. మరి జర చూడు."

నేను అలా రాయలేదని, రాసింది చెల్లె అని చెప్పి ఉండవచ్చు. కానీ ఆమె అప్పటికే కుర్చీలో కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, నేను చూసేదాకా కదలనన్నట్టు చేతులు కట్టుకుంది. దీపాలు బిగించే అతను నాకు తెలుసు. అతని బిడ్డ ఫంక్షన్ ఫ్లెక్సీ మేమే వేశాం. ఫోన్ చేస్తే, "అన్నా, మీ ఫ్లెక్సీ చూసిన, మస్తుందే" అని, ఆ పూటే వెళ్లి దీపం మెడ రోడ్డువైపు తిప్పేశాడు. ఎవరడిగినా తిప్పేవాడేనట. అంతవరకు ఎవరూ అడగలేదంతే.

కోళ్లు నిద్రపోయాయి. నాకు నిద్ర కరువైంది.

దుకాణం ముందు బల్ల వేయాల్సొచ్చింది. పొద్దున షట్టరు ఎత్తేసరికే దాని మీద మనుషులుండేవారు. మొగుడు చాయ్ హోటలు పెడదామంటే పెళ్లాం టిఫిన్ సెంటరు అంటోందని ఒక జంట తగువు తీర్చమని వచ్చింది. రెండూ ఒకే చోట పెట్టుకోమంటే ఇంత చిన్న మాట తమకు తట్టలేదని ఆశ్చర్యపోయారు. దుబాయిలో పనిచేసే ఒకతను వీడియో కాల్ చేసి, వెనక క్రేన్లు తిరుగుతుండగా, ఇక్కడ వాళ్లింటి ముందు పొంగుతున్న మురుగు మోరీ సంగతి చెప్పుకున్నాడు. నా ఫ్లెక్సీ అక్కడ వాళ్ల క్యాంపు దాకా వెళ్లిందట. నేను చేసింది ఏమీ లేదు. చాలావరకు వినడమే. జనం చూస్తుంటారు కాబట్టి మెల్లగా మాట్లాడేవాణ్ణి, చేతులు జోడించేవాణ్ణి. ఫ్లెక్సీలోని ఆ ఒళ్లు ఎవరిదో కానీ, దాని అలవాట్లు నాకు అంటుకున్నాయి.

దీన్ని ఆపడానికి నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఇంకో ఫ్లెక్సీ వేయించాను. ఈసారి మాటలు నేనే రాసిచ్చాను. "నేను ఏ ఎన్నికల్లోనూ పోటీ చేయడం లేదు." చెల్లె దాన్ని అచ్చం అలాగే వేసింది. పైన "శుభాకాంక్షలు" మాత్రం మళ్లీ పెట్టింది, ఖాళీ కొట్టకుండా.

చౌరస్తాలో దాన్ని చదివి జనం కళ్లు తుడుచుకున్నారని కిరాణం ఆయన చెప్పాడు. ఇంకా నిలబడనే లేదు, అప్పుడే త్యాగం చేశాడన్నారట. సాయంత్రానికి అసలు నాయకుడు శాలువాతో దిగాడు. నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నాకోసం ఇంత చేస్తవనుకోలేదు తమ్మీ. నేనే నిన్ను తప్పుగ అర్థం చేసుకున్న."

నేను ఆయన కోసం ఏమీ చేయలేదని చెప్పాను. ఆ మాటకు ఇంకా కరిగిపోయాడు. మర్నాడు నాకు ధన్యవాదాలు చెబుతూ ఫ్లెక్సీ ఆర్డరిచ్చాడు. నా దగ్గరే. అందులో ఆయన తల పెద్దది, నా తల కొంచెం చిన్నది. గుమ్మడికాయంత.

బల్ల మాత్రం ఖాళీ కాలేదు. పోటీ కూడా చేయడట, అయినా వింటాడట అని ఇంకా ఎక్కువమంది వచ్చారు.

అలాంటి ఒక ఉదయం, పక్క ఊరి నుంచి భూమి హద్దు తగువుతో వచ్చిన అతన్ని పంపి, "రాండ్రి, తర్వాత ఎవలు?" అన్నాను. బల్ల మీది నుంచి కాకా లేచాడు. వచ్చి నా ముందు నిలబడి చేతులు జోడించాడు.

"ఏంది కాకా? మిషన్ ఆగిందా?"

"మిషన్ నడుస్తుంది సేటు. నాకొక సమస్య ఉన్నది."

"గదేదో లోపట చెప్పొచ్చు గద! లైన్ల కూసునుడేంది?"

"లోపట చెప్తే చూద్దాం తియ్ అంటరు. ఈడ చెప్తే వింటరు," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెప్పాడు. "వెనక గదిల గాలి బయటికి పంపే ఫ్యాను పోయిన వానాకాలం నుంచి తిరుగుతలేదు. ఇంకు వాసనకు తలకాయ పగిలిపోతుంది."

బల్ల మీద ఉన్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. కోళ్ల ముసలామె కూడా ఉంది. సమస్య తీరినా ఆమె ఊరికే వచ్చి కూర్చునేది, కాలక్షేపానికి.

"గా పెద్దమనిషి తలకాయ నొస్తుందంటే నువ్వు దీపాలు తిప్పుకుంట కూసున్నవా కొడుకా?" అంది.

మధ్యాహ్నంలోపు కొత్త ఫ్యాను బిగించాం. కాకా దాని కింద నిలబడి, తల పైకెత్తి, తిరుగుతుంటే చాలాసేపు చూశాడు. తర్వాత వచ్చి మళ్లీ చేతులు జోడించాడు. ఆ నమస్కారం తీసుకోవడానికి నాకు సిగ్గేసింది.

కాకాకు పని అయిందని చూసి చెల్లె కూడా బల్లెక్కింది. ఆమె సమస్య ఏమిటంటే, నేను సగం మాట చెప్పి రైలెక్కుతాను, వచ్చాక మిగతా సగం గురించి అరుస్తాను. "పూర్తిగ చెప్పున్రి అన్నా. లేకుంటే నాకు తోచింది చేస్త. తర్వాత ఏం అనద్దు." తనంతట తాను ఆమె నాతో ఇంత మాట్లాడటం అదే మొదలు. సరేనన్నాను. ఆ రోజు నుంచి పొద్దునే ముగ్గురం కూర్చుని ఆ రోజు పనులు మాట్లాడుకోవడం మొదలైంది. మొదట్లో నేనొక్కణ్ణే మాట్లాడేవాణ్ణి. కొన్నాళ్లకు వాళ్లు మాట్లాడారు. పోను పోను నా వంతు రావడం కష్టమైంది.

అందరికన్నా కష్టమైన ఫిర్యాదు మా ఆవిడది. టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చి వెళ్లిపోయే మనిషి, ఆ రోజు డబ్బా ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. ఆమె వంతు వచ్చేదాకా నేను చూడలేదు.

"సార్, నమస్తే," అంది.

"ఏందే గిది! ఇంటికి పో."

"లైన్ల వచ్చిన సార్. మా ఇంట్ల ఒకాయన ఉంటడు. ఊరందరి ముచ్చట్లు ఇంటడు. ఇంటికొస్తే టీవీ పెట్టుకుంటడు. నేను చెప్పేది సగం కాంగనే ఊ అంటడు. మా తమ్ముని బిడ్డ పెండ్లి ఎప్పుడో అడుగున్రి, ఆయనకు తెల్వది."

బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వాపుకుంటున్నారు. "అడుగన్నా, అడుగు," అన్నాడొకడు.

నాకు నిజంగానే తెలియదు. పెళ్లి ఈ నెలలో ఉందని గుర్తుంది, ఏ రోజో గుర్తులేదు. "ఆయనతోటి నేను మాట్లాడుతనమ్మా," అన్నాను.

"గట్టిగ మాట్లాడున్రి," అని డబ్బా నా ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆ వారమంతా నేను టీవీ పెట్టలేదు. పెళ్లికి రెండు రోజుల ముందే వెళ్లాను. మా బావమరిది నన్ను గడపలో చూసి, దుకాణానికి ఏమైనా అయిందా అని పరేషానయ్యాడు.

వానలు పడ్డాక రోడ్డు పనులు మొదలై చౌరస్తాలోని ఫ్లెక్సీలన్నీ దింపేశారు, నావి కూడా. తండ్రిని పోగొట్టుకున్న ఆ రైతు ముందే వచ్చి, వాళ్ల బాపు ఉన్న మేరకు కత్తిరించి తీసుకెళ్లాడు. నా మోచెయ్యి కూడా కొంచెం వెళ్లింది.

ఆ మధ్య నాకు జ్వరమొచ్చింది. షట్టరు తీయడానికి కూడా లేవలేదు. మూడో రోజు పడుకోబుద్ధి కాక, ఏం తగలబడుతోందో చూద్దామని దుప్పటి కప్పుకుని దుకాణానికి వెళ్లాను. ఏమీ తగలబడటం లేదు. కాకా ఎవరికో ఫ్లెక్సీ చుట్టి ఇస్తున్నాడు. చెల్లె కంప్యూటరు ముందు కూర్చునే, బల్ల మీదివాళ్లలో ఒక్కొక్కరితో మాట్లాడి పంపుతోంది. ఒకతనితో, "గిది మనతోని కాదన్నా, గా ఆఫీసుల అడుగు," అని చెప్పేస్తోంది. ఆ మాట నేను ఒక్కరికీ చెప్పలేకపోయాను. అతను కోపం తెచ్చుకోకుండా, ఏ ఆఫీసో అడిగి తెలుసుకుని వెళ్లాడు.

"నేనేం చెయ్యాలె చెల్లె?" అన్నాను.

"జ్వరముందిగదన్నా. ఆడ కూసోండ్రి," అని బల్ల చూపించింది.

కూర్చున్నాను. పక్కన ఉన్నది మా టౌనుకు కొత్త మనిషి, నేనెవరో తెలియదు. కాళ్లు ముడుచుకుని నాకు చోటిచ్చి, నా దుప్పటి వైపు జాలిగా చూశాడు.

"నీ సమస్య ఏందన్నా?" అన్నాడు.

ఎంత ఆలోచించినా చెప్పడానికేమీ తట్టలేదు. జ్వరం అన్నాను. అల్లం, మిరియాలు వేసి కషాయం కాచుకోమని, అది ఎలా కాచాలో మొదటి నుంచి చివరిదాకా వివరంగా చెప్పాడు. నేను మధ్యలో ఊ అనకుండా మొత్తం విన్నాను.